కళింగనగరమును గుర్తించిన ఉపాధ్యాయుడు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు వినగానే వ్యావహారిక భాషోద్యమము, సవర భాషాసేవ జ్ఞప్తికి వచ్చును. వారి జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవము. కాని వారు ప్రాచీన చరిత్ర పరిశోధకులు కూడ. టెక్కలి, పలాస సీమల పూర్వచరిత్రకు ఒక గట్టి పునాది వేసినవారు వారే.

పంతులుగారు 1863లో ముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో, నేడు ఒడిశాలోనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. ఉద్యోగము చేయుచునే పట్టపరీక్షకు చరిత్ర చదువుచు, ముఖలింగ దేవాలయ శాసనములను చదువగోరి, ప్రాచీన లిపులను స్వయంకృషితో నేర్చుకొనిరి.

ఆనాడు విద్వాంసులకొక చిక్కు కలదు. తూర్పు గాంగరాజుల తామ్రశాసనములు టెక్కలి మొదలగు చోట్ల దొరకినవి. మందస నుండి వాయవ్యమున కనబడు మహేంద్రగిరిపై వెలసిన గోకర్ణస్వామిని ఆ రాజులు భక్తితో స్తుతించిరి. వారి శాసనములు పెక్కు 'కళింగనగరము' నుండి వెలువడినవి. ఆ నగరమెక్కడ? రాజధాని యెక్కడిదో తెలియక రాజ్యచరిత్ర నిలువదు గదా! వంశధార సముద్రమున కలియు చోటనున్న కళింగపట్నమే యది యని ఫ్లీటు పండితుడు తలచెను.

పంతులుగారు పేరు పోలికతో తృప్తి చెందలేదు. టెక్కలికి పడమట, వంశధార యొడ్డున నున్న ముఖలింగమును పరిశీలించిరి. అచటి శాసనములు ఆ చోటును 'నగరము' అనుచున్నవి. ప్రక్క గ్రామము పేరు నేటికిని నగరికటకము. పరిసరములందు శిథిలములు కలవు. ఈ మూటిని కలిపి చూచి, ముఖలింగమే కళింగనగరమని వారు నిరూపించిరి. తరువాతి చరిత్రకారులు పెక్కుమంది దీనిని అంగీకరించిరి.

వజ్రహస్తుని శకవర్షము 979 నాటి నడగాము తామ్రశాసనమును వారు 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగవ సంపుటమున పరిష్కరించి ప్రకటించిరి. 1919లో శాలిహుండము బౌద్ధక్షేత్రమును వెలుగులోనికి తెచ్చినవారును వారే. 1940 జనవరి 22న వారు కీర్తిశేషులైరి.

పండితుని దృష్టి యెంత సూక్ష్మమైనను, చదువుటకు శాసనము మిగిలియుండవలెను. ఉద్దానపు తోటలో కొబ్బరిమొక్కకు గొయ్యి త్రవ్వునపుడు అక్షరములున్న రాగిరేకు బయటపడవచ్చును. కంచరి మూసలో పడినచో అది రెండు గిద్దెల లోహము. అధికారులకు అప్పగించినచో ఒక గ్రామమునకు వేయేండ్ల పేరు.