మంచినీళ్ల మెట్ల మీదుగా

పనామా నడుము సన్నం. సముద్రం నుంచి సముద్రానికి కాలువ పొడవు సుమారు 80 కిలోమీటర్లే. ఐదు వందల ఏళ్లుగా లోకం ఈ నేలను కోరుకున్నది దాటిపోవడానికే. పెరూ వెండిని స్పెయిన్ వాళ్లు కంచరగాడిదల మీద ఈ అడవుల్లోంచే మోయించారు. కాలిఫోర్నియా బంగారం కోసం పరుగులు తీసినవాళ్లకు 1855లో ఇక్కడ రైలు దారి పూర్తయింది. 1914 ఆగస్టు 15న కాలువ తెరుచుకుంది. అందరూ దాటిపోయే ఈ దారి ఎవరిది? నేను వచ్చి స్థిరపడిన ఈ దేశపు చరిత్రంతా ఆ ప్రశ్న చుట్టూనే నడిచింది. దాన్ని తెలుసుకోవాలంటే తెరచాప పడవలో రావాలంటాను. పెద్ద ఓడ మీదివాళ్లు అంత ఎత్తు నుంచి చూస్తూ వెళ్లిపోతారు. చిన్న పడవలో నీళ్లు చేతికందుతాయి, మోకు మన చేతుల్లోనే ఉంటుంది.

కరీబియన్ వైపు గునా యాలా దీవులతో మొదలుపెట్టాలి. కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసుక, అడుగు కనిపించే నీళ్లు. ఇక్కడి గునా ప్రజలు తమ ఆచారాలను అణచివేస్తున్న ప్రభుత్వం మీద 1925లో తిరగబడి స్వయంపాలన సాధించుకున్నారు. ఆడవాళ్లు గుడ్డ మీద గుడ్డ వేసి, కత్తిరించి కుట్టే 'మొలా'లను పడవ దగ్గరికే తెచ్చి అమ్ముతారు. పడమరగా సాగితే పోర్తోబెలో. స్పెయిన్‌కు వెండి ఎక్కించిన రేవు ఇదే. కోట గోడల మీద తుప్పుపట్టిన ఫిరంగులు ఇంకా సముద్రం వైపే చూస్తున్నాయి.

కాలువ మొదలయ్యే కొలోన్ దగ్గర అధికారులు పడవను కొలిచి చూస్తారు. నడిపేవాడు కాక మోకులు పట్టడానికి నలుగురుండాలి. ఒక్కొక్కటి 38 మీటర్ల మోకులు నాలుగు కావాలి. గోడలకు కొట్టుకోకుండా చుట్టూ పాత టైర్లు వేలాడదీస్తారు. తెరచాపలు దించేసి, కాలువ వాళ్లు పంపిన సలహాదారు చెప్పినట్టు ఇంజన్ మీదే వెళ్లాలి. ఇక్కడి మిత్రుల పడవల్లో మోకు పట్టేవాడిగా వెళ్లి నేను కాలువను చూశాను.

గోదావరి కాలువల మీద లాకులు చూసినవాళ్లకు గటూన్ లాకుల పద్ధతి తేలిగ్గానే అర్థమవుతుంది. తలుపు మూసి, నీరు నింపి, అవతలి తలుపు తీయడమే. కొలతలే వేరు. ఒక్కో గది 305 మీటర్ల పొడవు, 33.5 మీటర్ల వెడల్పు. ముందు పెద్ద ఓడ నిలుస్తుంది, దాని వెనక మన పడవ. గోడ మీది మనుషులు కొసన బరువైన ముడి వేసిన సన్నతాడు విసురుతారు. దానికి మన మోకు కడితే పైకి లాక్కుని తగిలిస్తారు. అంతలో అడుగు నుంచి నీరు సుడులు తిరుగుతూ పొంగుతుంది. పడవ లేచేకొద్దీ మోకు వదులు కాకుండా లాగుతూ ఉండాలి. ఒక్కరు ఆలస్యం చేసినా పడవ అడ్డం తిరుగుతుంది. మూడు మెట్లలో 26 మీటర్లు ఎక్కుతాం. ఈ నీటిని తోడే పంపులు లేవు. పైనున్న గటూన్ చెరువు నుంచి పల్లానికి తనంతట తానే వస్తుంది. ఒక ఓడ దాటడానికి సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీళ్లు సముద్రం పాలవుతాయి.

చీకటిపడ్డాక ఆ చెరువులోనే లంగరు వేస్తాం. చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టగా ఏర్పడింది ఇది. ఎండిన చెట్ల మోళ్లు కొన్నిచోట్ల నీటిపైకి తేలి కనిపిస్తాయి. 1912లో అమెరికా ప్రభుత్వం కాలువ ప్రాంతంలోని ఊళ్లను ఖాళీ చేయించింది. కొన్ని నీట మునిగాయి, మునగనివాటినీ ఉండనివ్వలేదు.

ఈ దారి కోసం ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల లెక్క ఇంకా పెద్దది. 1881లో మొదలుపెట్టిన ఫ్రెంచివాళ్లు లాకులు లేకుండా సముద్ర మట్టానికే తవ్వాలనుకున్నారు. 1889 నాటికి కంపెనీ దివాలా తీసింది, సుమారు 22 వేల మంది చనిపోయారు. చీమలు ఎక్కకుండా ఆసుపత్రి మంచాల కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టారు. ఆ గిన్నెల్లోనే దోమలు పెరిగాయి. జ్వరాలు దోమల వల్లేనని అప్పటికి వాళ్లెవరూ నమ్మలేదు. ఎల్లో ఫీవర్ దోమ వల్లేనని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే ముందే చెప్పినా ఎవరూ వినలేదు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో. 1904లో అమెరికన్లు పని చేపట్టాక, ఈ ఇద్దరి మాట పట్టుకునే వాళ్ల డాక్టర్ గోర్గస్ ఇక్కడ నిలవనీటి మీద యుద్ధం ప్రకటించి ఎల్లో ఫీవర్‌ను తరిమేశాడు. బేగంపేటలోని ఆ పాత భవనం ముందు నుంచి వెళ్లేటప్పుడు మనవాళ్లు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి.

అయినా అమెరికన్ల కాలంలోనూ 5,600 మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది వెస్టిండీస్ నల్లజాతి కూలీలు. ఒక్క బార్బడోస్ నుంచే సుమారు 20 వేల మంది వచ్చారు. తెల్లవాళ్లకు బంగారు నాణేల్లో జీతం, వీళ్లకు వెండిలో, గంటకు పది సెంట్లు. ఇళ్లు, బడులు, తిండి చోట్లు అన్నీ వేరు. మర్నాడు కులెబ్రా కొండకోతలో రెండు వైపులా నిలిచిన రాతి గోడల మధ్య సాగుతుంటే నాకు ఆ మనుషులే గుర్తొస్తారు. ఎంత తవ్వినా కొండచరియలు విరిగిపడి కోతను మళ్లీ పూడ్చేవి, వాళ్లు మళ్లీ తవ్వేవారు.

పెద్రో మిగెల్, మిరాఫ్లోరెస్ లాకులు దిగి పసిఫిక్‌లోకి వస్తాం. ఈ ఒడ్డునే దేశం తన దారిని తిరిగి అడిగింది. కొలంబియా నుంచి పనామా 1903 నవంబరు 3న విడిపోతే, పదిహేను రోజులకే కాలువ ఒప్పందం మీద పనామా పేరిట సంతకం చేసినవాడు ఫ్రెంచివాడైన బ్యునో-వారియా. దేశం నడుమన పది మైళ్ల వెడల్పు పట్టీ శాశ్వతంగా అమెరికా చేతికి పోయింది. 1964 జనవరి 9న విద్యార్థులు తమ జెండా పట్టుకుని ఆ పట్టీలోకి నడిచారు. తోపులాటలో జెండా చిరిగింది. ఆ అల్లర్లలో ఇరవై మందికి పైగా పనామా వాళ్లు నేలకొరిగారు. 1977లో పనామా నేత తోరిహోస్, అమెరికా అధ్యక్షుడు కార్టర్ కాలువ అప్పగింతకు ఒప్పందం చేసుకున్నారు. 1999 డిసెంబరు 31 మధ్యాహ్నం కాలువ పనామా సొంతమైంది. తవ్వించినవాళ్ల గొప్పతనం గురించి పుస్తకాలు చాలానే ఉన్నాయి. తిరిగి తెచ్చుకున్నవాళ్లది అంతకు తక్కువ ఘనత కాదు.

ఇప్పుడు పరీక్ష సొంత ఇంట్లోనే వచ్చింది. దేశంలో సగానికి పైగా జనం తాగే నీరు కూడా కాలువకు నీరిచ్చే చెరువుల నుంచే వస్తుంది. 2023లో వానలు ముఖం చాటేస్తే రోజుకు 36 దాకా దాటే ఓడలను డిసెంబరుకల్లా 22కు తగ్గించారు. నీటి కోసం ఇందియో నది మీద కొత్త జలాశయం కట్టాలని కాలువ సంస్థ నిర్ణయించింది. దాదాపు రెండు వేల మంది ఊళ్లు వదలాలి. శ్రీశైలం ముంపు గ్రామాలవాళ్లు ఏళ్ల తరబడి పరిహారం కోసం తిరిగిన సంగతి మనకు తెలుసు. తన భూమి మీద ఎవరో పెట్టిన సంతకాన్ని చెరపడానికి దాదాపు వందేళ్లు పోరాడింది పనామా. ఆ దేశం తన రైతుల తరఫున తాను సంతకం పెట్టేసి ఊరుకోకూడదు. ముందు వాళ్లను అడగాలి, వాళ్లు కాదంటే ఆగాలి. అప్పుడే ఈ దారి నిజంగా ఇక్కడి వాళ్లదవుతుంది.