కోళ్ల మరణాలు: కొక్కెర తెగులా, బర్డ్‌ఫ్లూనా తేల్చవలసింది ప్రయోగశాలే

చిన్న, సన్నకారు రైతులకు, వ్యవసాయ కూలీ కుటుంబాలకు, ముఖ్యంగా మహిళలకు పెరటి కోడి అవసరానికి చేతికందే ఆదాయ వనరు. సాయంత్రం గంప కిందకు చేరిన కోళ్లు తెల్లవారేసరికి చనిపోయి కనిపిస్తే ఆ కుటుంబానికి కలిగే నష్టం చాలా సందర్భాలలో ఏ రికార్డులోనూ నమోదు కాదు. ఇటువంటి మరణాలు సంభవించినప్పుడు ఊరిలో మొదట వినిపించే మాట కొక్కెర తెగులు కాగా, వార్తలలో మొదట కనిపించే మాట బర్డ్‌ఫ్లూ. పరీక్ష ఫలితం వచ్చేవరకు ఈ రెండూ అనుమానాలు మాత్రమే.

కొక్కెర తెగులుగా పిలిచే రాణిఖేత్ వ్యాధి వైరస్ వలన వస్తుంది. 1927లో నేటి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ వద్ద గుర్తించినందున దేశంలో దీనికి ఆ పేరు స్థిరపడింది. వ్యాధి సోకిన కోడి మేత మాని, నోరు తెరచి ఎగశ్వాస తీస్తుంది. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పల్చని రెట్ట వేస్తుంది. కొన్నింటిలో రెక్కలు, కాళ్లు చచ్చుబడతాయి, మెడ మెలి తిరుగుతుంది. గుడ్లు పెట్టే కోళ్లలో ఉత్పత్తి ఒక్కసారిగా తగ్గి, తోలుగుడ్లు కనిపిస్తాయి. టీకా వేయని మందలో 90 శాతానికి పైగా చనిపోయే ప్రమాదం ఉంది. ఈ వైరస్‌ను నయం చేసే మందు లేదు. మందుల దుకాణంలో కొని తాగించే యాంటీబయాటిక్ దానిపై పనిచేయదు; రైతుకు ఖర్చు మాత్రం మిగులుతుంది.

బర్డ్‌ఫ్లూ ఉధృత రూపంలో తల, ముఖం వాచడం, తురాయి, తమ్మెలు నీలిరంగుకు మారడం, కాళ్ల చర్మం కింద రక్తపు మచ్చలు ఏర్పడడం, ఏ లక్షణమూ లేకుండానే హఠాత్తుగా మరణించడం కనిపిస్తాయి. అయితే ఎగశ్వాస, పారుడు, మెడ తిప్పడం వంటివి రెండు వ్యాధులలోనూ ఉంటాయి. అనుభవజ్ఞుడైన పశువైద్యుడు సైతం కోడిని చూసి రెండింటినీ ఖచ్చితంగా వేరు చేయలేరు. కనుక అనుమానిత మరణాల వద్ద కళేబరాన్ని గ్రామంలో కోయరాదు. రక్షణ దుస్తులు ధరించిన సిబ్బంది గొంతు, మలద్వారం నుంచి తీసిన నమూనాలను, చనిపోయిన పక్షులను ఐసు పెట్టెలో భద్రపరచి పంపవలసి ఉంటుంది. దేశంలో బర్డ్‌ఫ్లూ తుది నిర్ధారణ భోపాల్‌లోని జాతీయ అత్యున్నత భద్రతా పశువ్యాధుల సంస్థలో జరుగుతుంది.

తొందరపాటు, దాపరికం రెండూ నష్టదాయకమే. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలోనే తొలిసారి బర్డ్‌ఫ్లూ బయటపడినప్పుడు, వ్యాధి లేని ప్రాంతాలలో కూడా కోడిమాంసం, గుడ్ల అమ్మకాలు పడిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో నెల్లూరు జిల్లాలోనూ, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలోనూ వ్యాధి నిర్ధారణ అయింది. మాంసాన్ని, గుడ్లను అన్ని భాగాలూ 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరేలా ఉడికిస్తే వైరస్ నశిస్తుందన్న విషయం వార్తతో పాటే ప్రజలకు చేరవలసి ఉంది. పచ్చి మాంసాన్ని పిల్లల చేతికి అందనీయరాదు.

2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం షెడ్యూలులో ఈ రెండు వ్యాధులూ ఉన్నాయి. అనుమానం కలిగిన వెంటనే యజమాని సమాచారం ఇవ్వడం చట్టరీత్యా బాధ్యత. రైతులకు అంతగా తెలియని మరొక అంశం నష్టపరిహారానికి సంబంధించినది. బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు అధికారిక బృందాలు వధించిన పక్షులకే పరిహారం లభిస్తుంది. అంతకు ముందే చనిపోయిన వాటికి లభించదు. సమాచారం ఇవ్వడంలో జరిగే ప్రతి రోజు ఆలస్యమూ రైతుకే నష్టం. మిగిలిన కోళ్లను హడావుడిగా సంతకు తరలించడం, చనిపోయిన వాటిని కాలువలో పారవేయడం వలన వ్యాధి పొరుగు గ్రామాలకు పాకుతుంది. కళేబరాలను లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చవలెను.

రాణిఖేత్‌కు టీకాయే రక్ష. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో కంటిలో గానీ ముక్కులో గానీ చుక్క మందు, నాలుగు వారాలకు మరొక మోతాదు, ఎనిమిది వారాలకు ఆర్-2-బి టీకా సూది ద్వారా వేయించవలెను. టీకా ధర స్వల్పమే. చిక్కంతా సీసా పరిమాణంతోనే. ఒక సీసాలో వంద లేదా అంతకు మించిన మోతాదులు ఉంటాయి. ఒక ఇంటిలో ఉండేవి పది కోళ్లు. కలిపిన మందు గంట, రెండు గంటలలో వాడకపోతే వృథా అవుతుంది. అందుచేత ఊరంతటికీ ఒకే రోజున, కోళ్లను గంప కింద నుంచి వదలక ముందే తెల్లవారుజామున టీకాలు వేయించే గ్రామాలలో మంచి ఫలితం కనిపిస్తుంది. మందును చివరి ఇంటి వరకు ఐసులోనే ఉంచవలెను. సంక్రాంతికి ముందు కోళ్లు ఊళ్లు దాటి చేతులు మారుతుంటాయి. ఆ కదలికకు కనీసం రెండు, మూడు వారాల ముందే ఈ పని పూర్తి కావడం మేలు.

చికిత్సకు లొంగే వ్యాధులూ ఉన్నాయి. మూడు నుంచి ఆరు వారాల పిల్లలలో రెట్టలో రక్తం కనిపిస్తే అది సాధారణంగా కాక్సిడియోసిస్ అనే రక్తపారుడు. దీనిని రెట్టను సూక్ష్మదర్శినిలో పరీక్షించి తేలికగా నిర్ధారించవచ్చు. పశువైద్యుని సలహాపై ఆంప్రోలియం వంటి మందును తాగునీటిలో కలిపి ఇస్తే తగ్గుతుంది. తడిసిన ఊకను మార్చకుంటే వ్యాధి తిరిగి వస్తుంది. ముక్కు కారుతూ గురక వినిపించే శ్వాసకోశ వ్యాధులలో యాంటీబయాటిక్ ఉపయోగపడుతుంది. అయితే మందు ఆపిన తరువాత నిర్దేశించిన గడువు ముగిసేవరకు గుడ్లు, మాంసం అమ్మరాదు. ఆహారానికి పెంచే పక్షులు, పశువులలో కొలిస్టిన్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. తురాయి, తమ్మెలపై పొక్కులు వచ్చే మశూచి దోమల ద్వారా వ్యాపిస్తుంది. దానికి ప్రత్యేక మందు లేకున్నా, పొక్కులు చర్మానికే పరిమితమైతే కొన్ని వారాలలో మానిపోతాయి. గ్రామాలలో పూసే పసుపు, వేపాకు ముద్ద వలన హాని లేదు గానీ నోటిలో పుండ్లు పడిన కోడికి వైద్య సహాయం తప్పనిసరి.

పక్షి తన జబ్బును బయటకు తెలియనీయదు. రెక్కలు వాల్చి మూలకు చేరేనాటికి వ్యాధి ముదిరి ఉంటుంది. అందుకే ఉదయం కోళ్లను వదిలే వేళ మేతకు పరుగెత్తనిది ఏదో గమనించి దానిని వేరుచేయడం అవసరం. ఒకటి రెండు రోజులలో పలు కోళ్లు చనిపోతే సమీప పశువైద్యశాలకు గానీ, సంచార పశువైద్య సేవల 1962 నంబరుకు గానీ తెలియజేయవలెను. ఎన్ని చనిపోయాయి, ఎప్పటి నుంచి, టీకా ఎప్పుడు వేయించారు, ఇటీవల కొత్త కోళ్లను తెచ్చారా, చుట్టుపక్కల కాకులు, కొంగలు చనిపోయి కనిపించాయా అన్న వివరాలు అప్పుడే చెప్పినట్లయితే, వచ్చే సిబ్బంది తగిన పరికరాలతో బయలుదేరగలుగుతారు.