మంద్రస్వరానికి తగిన పెట్టె: బేస్ గిటార్ యాంప్లిఫయర్, స్పీకర్ క్యాబినెట్ ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

బేస్ గిటార్ వాద్యకారుడు యాంప్లిఫయర్‌ను, స్పీకర్ క్యాబినెట్‌ను ఎంచుకొనేటప్పుడు సాధారణంగా వాట్ల సంఖ్యనే ముందుగా చూస్తాడు. ఈ ఎంపికను అసలు శాసించేది పెట్టె ఘనపరిమాణమూ, స్పీకర్లు కదిలించగల గాలీ అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. 1930ల నుండి నేటివరకు ఈ పరికరాల పరిణామాన్ని పరిశీలించి, ప్రతి తరమూ మంద్రత, బిగ్గరతనం, చిన్న పరిమాణం అనే మూడింటిలో ఏదో ఒకదాన్ని వదులుకొనే మిగిలినవాటిని సాధించిందని నిరూపించడం, ఆ చరిత్ర నేటి ఎంపికకు ఇచ్చే క్రమాన్ని సూచించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: బేస్ గిటార్, యాంప్లిఫయర్, స్పీకర్ క్యాబినెట్, మంద్రస్వరం, ఫెండర్, యాంపెగ్, హాఫ్‌మన్ నియమం.

1. ఉపోద్ఘాతం

వాద్యబృందంలో బేస్ గిటార్‌ది విచిత్రమైన స్థానం. అది వినిపిస్తున్నప్పుడు శ్రోత దానిని ప్రత్యేకంగా గుర్తించడు. వినిపించనప్పుడు మాత్రం పాట పునాది కదిలినట్లు తోస్తుంది. లయకూ రాగానికీ మధ్య వంతెనగా నిలిచే ఈ వాద్యం పూర్తిగా విద్యుత్తుపై ఆధారపడినది. దాని చెక్కలో బోలు లేదు. తీగ కంపనం యాంప్లిఫయర్ ద్వారా స్పీకర్‌ను చేరనిదే అది ధ్వనిగా మారదు. కనుక యాంప్లిఫయర్, క్యాబినెట్ ఈ వాద్యానికి ఉపకరణాలు కావు, వాద్యంలో సగభాగం.

గిటార్ల చరిత్ర విస్తారంగా గ్రంథస్థమైంది. వాటి వెనుక నిలిచిన పెట్టెల చరిత్రకు అంతటి ఆదరణ దక్కలేదు. కాని ఈ వాద్యం వేదికపై ఎంతమేరకు వినబడిందో నిర్ణయించినవి ఆ పెట్టెలే.

2. సమస్య స్వరూపం

నాలుగు తీగల బేస్ గిటార్‌లో అతి మందమైన తీగ ప్రాథమిక పౌనఃపున్యం సుమారు 41 హెర్ట్జ్. గాలిలో దాని తరంగదైర్ఘ్యం 8 మీటర్లకు పైబడి ఉంటుంది. ఇంత పొడవైన తరంగాన్ని గుప్పెడు అంగుళాల కాగితపు కోన్‌తో పుట్టించాలంటే ఆ కోన్ చాలా గాలిని ముందుకూ వెనుకకూ నెట్టాలి. ఒకే స్థాయి ధ్వనిని ఒక స్థాయి దిగువన, అనగా సగం పౌనఃపున్యం వద్ద పుట్టించడానికి కోన్ నాలుగు రెట్లు దూరం కదలవలసి ఉంటుంది.

దీనికి మరొక చిక్కు తోడవుతుంది. కోన్ ముందువైపు గాలిని నొక్కినప్పుడే వెనుకవైపు గాలి పలుచబడుతుంది. ఆ రెండు తరంగాలూ కలిసినచోట ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. మంద్రస్వరాలలో ఈ నష్టం మరీ ఎక్కువ. వెనుక తరంగాన్ని బంధించడమో, లేక ముందు తరంగానికి అనుకూలంగా మలచడమో పెట్టె చేసే పని. బెల్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ థూరాస్ రెండవ మార్గాన్ని కనుగొన్నాడు. పెట్టెకు తగిన కొలతగల రంధ్రాన్ని అమర్చి, లోపలి గాలి అనునాదాన్ని మంద్రస్వరానికి వినియోగించే ఈ పద్ధతికి 1932లో పేటెంటు లభించింది. మొదటి మార్గమైన మూసిన పెట్టెను 1954లో ఎడ్గార్ విల్చర్ ఇళ్లలో వాడే స్పీకర్లకు కొత్త పద్ధతిలో అన్వయించాడు. పెట్టెలో బంధించిన గాలినే స్ప్రింగులా పనిచేయించి చిన్న పెట్టెనుండి లోతైన ధ్వని రాబట్టాడు. ప్రతిఫలంగా దక్షత తగ్గింది. అదే బిగ్గరతనానికి ఎక్కువ విద్యుత్తు అవసరమైంది.

ఈ అనుభవాన్ని సూత్రీకరించినవాడు విల్చర్ సహచరులలో ఒకడైన జె. ఆంటన్ హాఫ్‌మన్. స్పీకర్ దక్షత పెట్టె ఘనపరిమాణానికీ, అది చేరగల కనిష్ఠ పౌనఃపున్యపు ఘనానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే దక్షత తగ్గకుండా ఒక స్థాయి దిగువకు వెళ్లాలంటే పెట్టె ఎనిమిది రెట్లు పెరగాలి. చిన్న పెట్టె, లోతైన మంద్రం, అధిక దక్షత అనే మూడింటిలో రెండే ఎంచుకోగలం. తరవాతివారు దీనిని ‘హాఫ్‌మన్ ఉక్కు నియమం’ అన్నారు. బేస్ క్యాబినెట్ల చరిత్రంతా ఈ త్రిభుజంలోనే తిరుగుతుంది.

3. తొలి ప్రయత్నాలు

అమెరికాలోని సియాటిల్‌కు చెందిన పాల్ టుట్‌మార్క్ 1930ల మధ్యకాలంలో ‘ఆడియోవాక్స్’ పేరుతో మెట్లు గల విద్యుత్ బేస్‌ను తయారుచేసి అమ్మాడు. ఆ ప్రయత్నం విస్తరించలేదు. 1940ల చివరలో డబుల్ బేస్ వాద్యకారుడు ఎవరెట్ హల్ వేరొక దారి పట్టాడు. తన నిలువు వాద్యపు కింది మేకులో మైక్రోఫోన్ అమర్చి, ఆ ధ్వనిని పెంచే యాంప్లిఫయర్లను తయారుచేశాడు. యాంప్లిఫైడ్, పెగ్ అనే రెండు మాటల కలయికే ‘యాంపెగ్’ సంస్థ పేరు.

1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ ‘ప్రెసిషన్ బేస్’ను విడుదల చేశాడు. దానికి జతగా 1952లో వచ్చినది ‘బేస్‌మన్’ యాంప్లిఫయర్: ఒక 15 అంగుళాల స్పీకరు, సుమారు 26 వాట్ల సామర్థ్యం. డోలు, ఇత్తడి వాద్యాల నడుమ కనుమరుగైన డబుల్ బేస్ వాద్యకారుడికి ఈ జంట కొత్త గొంతునిచ్చింది.

4. బేస్‌మన్: చేతులు మారిన యంత్రం

1950ల మధ్యకల్లా బేస్‌మన్ నాలుగు 10 అంగుళాల స్పీకర్లతో, వెనుకవైపు తెరిచిన పెట్టెతో రూపు మార్చుకొంది. వెనుక తెరిచి ఉండటం మంద్రస్వరానికి ప్రతికూలం. అయితే తీవ్రస్థాయిలో పలికే సాధారణ గిటార్‌కు ఆ ధ్వని ఎంతో నప్పింది. గిటార్ వాద్యకారులు దానిని సొంతం చేసుకొన్నారు. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ బృందం నిర్మించిన తొలి యాంప్లిఫయర్‌కు బేస్‌మన్ వలయమే ఆధారం. రాక్ గిటార్ ధ్వనికి మాతృకగా నిలిచిన యంత్రం బేస్ కోసం పుట్టినదే కావడం గమనార్హం. ఈ పరిణామంలో బేస్ వాద్యకారుడు నష్టపోయాడు. యాంప్లిఫయర్ వలయం ఎంత మేలైనదైనా, పెట్టె మంద్రస్వరానికి తగినది కాకపోతే అది బేస్ పరికరం కాజాలదన్న పాఠం ఇక్కడ మొదటిసారి స్పష్టమవుతున్నది.

5. స్టూడియో మార్గం

1960లో యాంపెగ్ సంస్థలో జెస్ ఆలివర్ రూపొందించిన ‘పోర్టాఫ్లెక్స్ బి-15’ ఆ పాఠానికి సమాధానం. 15 అంగుళాల స్పీకరు, మూసిన గట్టి పెట్టె, థూరాస్ పద్ధతిలో అమర్చిన రంధ్రం, సుమారు 25 వాట్లు. పనిముగిశాక యాంప్లిఫయర్‌ను తలకిందులుగా తిప్పి పెట్టెలోనే భద్రపరచవచ్చు. మంద్రతనూ మోయగల పరిమాణాన్నీ అది సాధించింది, వదులుకొన్నది బిగ్గరతనాన్ని. ధ్వని చెదరడాన్ని ఎవరెట్ హల్ ఇష్టపడలేదు. కనుక ఆ పరికరం స్టూడియోలకూ చిన్న సభలకూ ఆదర్శమైంది.

సరైన బేస్ పరికరం లేకపోతే ఏమయ్యేదో 1962 జూన్ 6న లండన్ ఇ.ఎం.ఐ. స్టూడియోలో తెలిసివచ్చింది. బీటిల్స్ బృందం తొలిసారి అక్కడికి వచ్చినప్పుడు పాల్ మెకార్ట్‌నీ బేస్ యాంప్లిఫయర్ ధ్వనిముద్రణకు పనికిరాలేదు. ఇంజనీర్లు ప్రతిధ్వని గదిలోని టానాయ్ స్పీకర్‌ను తెచ్చి, లీక్ యాంప్లిఫయర్‌కు కలిపి పని నడిపించారు. అదే కాలంలో డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియో పెట్టెనే తప్పించి, బేస్‌ను నేరుగా మిక్సింగ్ కన్సోల్‌కు కలిపింది. నేటి యాంప్లిఫయర్ల వెనుక కనిపించే ‘డైరెక్ట్ అవుట్’ సదుపాయం ఈ ఆలోచనకే కొనసాగింపు.

6. మైదానాల కాలం

1960ల చివర రాక్ సంగీతం సభాభవనాలు దాటి మైదానాలకు చేరింది. ఆనాటి ప్రజాప్రసార ధ్వనివ్యవస్థలు గాత్రాన్నే అరకొరగా మోసేవి. బేస్ తన పెట్టెను తానే నమ్ముకోవలసివచ్చింది. ఈ అవసరానికి రెండు భిన్న సమాధానాలు వచ్చాయి.

మొదటిది లాస్ ఏంజిలస్‌కు చెందిన అకౌస్టిక్ సంస్థ ‘360’. ట్రాన్సిస్టర్లతో 200 వాట్లు, మడత పెట్టిన కొమ్ముబూరను పోలిన పెట్టెలో 18 అంగుళాల స్పీకరు. కొమ్ముబూర దక్షతను పెంచుతుంది, పరిమాణాన్ని కూడా. లెడ్ జెప్పెలిన్ బృందపు జాన్ పాల్ జోన్స్, అనంతరం జాకో పాస్టోరియస్ దీనిని వాడారు.

రెండవది 1969లో వచ్చిన యాంపెగ్ ‘ఎస్.వి.టి.’. వాల్వులతో 300 వాట్లు, ఎనిమిది 10 అంగుళాల స్పీకర్లున్న మూసిన క్యాబినెట్. అదే ఏడాది రోలింగ్ స్టోన్స్ బృందం తన అమెరికా పర్యటనలో వీటిని బేస్‌కే కాక గిటార్లకు సైతం వినియోగించింది. భారీ ట్రాన్స్‌ఫార్మర్ల వలన యాంప్లిఫయర్ ఒక్కటే సుమారు 40 కిలోల బరువుండేది. క్యాబినెట్‌కు వాద్యకారులు పెట్టిన ముద్దుపేరు ‘ఫ్రిజ్’.

ఇక్కడ ఒక లెక్క ఉపయోగపడుతుంది. స్పీకర్ వైశాల్యం వ్యాసం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 15 అంగుళాల స్పీకరు ఒకటి 225 పాళ్లయితే, 10 అంగుళాలవి నాలుగు 400 పాళ్లు, ఎనిమిది 800 పాళ్లు. పెద్ద స్పీకరే లోతుగా పలుకుతుందనే ప్రసిద్ధ నమ్మకం ఇక్కడ నిలవదు. చిన్న స్పీకర్ల సమూహం ఎక్కువ గాలిని కదిలించగలదు. లోతును నిర్ణయించేది స్పీకరు గుణాలూ పెట్టె కొలతలూ కలిసి, వ్యాసం ఒక్కటే కాదు. పైగా ఈ మూసిన పెట్టెలు 41 హెర్ట్జ్‌ను పూర్తిబలంతో పలికించవు. వాటి బలం 82 హెర్ట్జ్ వద్ద ఉండే రెండవ హరాత్మకంలోనూ, ఆపై స్వరాలలోనూ ఉంది. వాటిని విన్న చెవి లోపించిన ప్రాథమిక స్వరాన్ని తానే పూరించుకొంటుంది. రాక్ బేస్ అని మనం గుర్తించే ధ్వని చాలామేరకు ఈ పూరణ ఫలితమే.

7. కొలతల శాస్త్రం, తేలికైన బరువు

అప్పటివరకు పెట్టె నిర్మాణం చాలావరకు అనుభవంపై సాగింది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోనూ, ఆయన కృషిని విస్తరిస్తూ రిచర్డ్ స్మాల్ 1970ల ఆరంభంలోనూ స్పీకర్ ప్రవర్తనను కొద్దిపాటి కొలతలతో ముందుగానే లెక్కకట్టే పద్ధతిని స్థిరపరచారు. అనంతరం తయారీదారులు పెట్టె కొలతలనూ రంధ్రాన్నీ కాగితంపైనే నిర్ణయించగలిగారు. ఈ శాస్త్రం ఉక్కు నియమాన్ని తొలగించలేదు. దాని హద్దులో వృథాను తగ్గించింది.

తరవాతి మార్పు బరువులో వచ్చింది. 1980లలో వెలువడిన నియోడిమియం అయస్కాంతాలు తక్కువ బరువుతో ఎక్కువ బలాన్నిచ్చాయి. అధిక పౌనఃపున్యం వద్ద పనిచేసే విద్యుత్ సరఫరా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అవసరాన్ని తప్పించింది. ‘క్లాస్ డి’ పద్ధతిలో ట్రాన్సిస్టరు పూర్తిగా తెరిచో, పూర్తిగా మూసో ఉండటం వలన వేడి రూపంలో నష్టం తగ్గింది. నేడు వందలకొద్దీ వాట్ల యాంప్లిఫయర్ చేతిసంచిలో ఇముడుతుంది. దీనివల్ల తగ్గింది బరువే తప్ప పెట్టెకు కావలసిన గాలి కాదు. చిన్న క్యాబినెట్ కోల్పోయిన దక్షతను చవకైన వాట్లతో పూడ్చడం నేటి తరం ఒప్పందం. ఆ ఒప్పందానికీ హద్దుంది: స్పీకరు తీగచుట్ట భరించగల వేడి, కోన్ కదలగల దూరం.

8. ఎంపిక క్రమం

ఈ చరిత్ర నుండి ఎంపికకు ఒక వరుస ఏర్పడుతుంది.

మొదట నిర్ణయించవలసినది వేదిక. సభలోని ధ్వనివ్యవస్థ బేస్‌ను శ్రోతలకు చేరవేస్తే, పెట్టె వాద్యకారుడికీ పక్కనున్న డ్రమ్స్ వాద్యకారుడికీ వినిపిస్తే చాలు. అక్కడ చిన్న క్యాబినెట్, మంచి ‘డైరెక్ట్ అవుట్’ సరిపోతాయి. ధ్వనివ్యవస్థ గాత్రాన్నే మోసేచోట ఆ భారమంతా పెట్టెదే.

రెండవది క్యాబినెట్. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్‌లు మాత్రమే. చెవికి రెండింతలుగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్‌లు, అనగా పది రెట్ల వాట్లు కావాలి. కనుక 94 డెసిబెల్‌ల దక్షతగల పెట్టె బదులు 97 డెసిబెల్‌లది ఎంచుకోవడం వాట్లను రెట్టింపు చేయడంతో సమానం. ఆ మూడు డెసిబెల్‌ల కోసం పరిమాణంలో గాని, లోతులో గాని ఏమి వదులుకొంటున్నామో గమనించడం అవసరం.

మూడవది యాంప్లిఫయర్, దానితో ఇంపీడెన్స్ పొందిక. 8 ఓమ్‌ల పెట్టెలు రెండు సమాంతరంగా కలిస్తే 4 ఓమ్‌లు. 4 ఓమ్‌లవి రెండైతే 2 ఓమ్‌లు. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌పై పేర్కొన్న కనిష్ఠం కంటే తగ్గితే పరికరం దెబ్బతింటుంది. వాల్వు యాంప్లిఫయర్‌లో అవుట్‌పుట్ అమరిక పెట్టెతో సరిపోవాలి. పెట్టె కలపకుండా దానిని నడపరాదు. 4 ఓమ్‌ల వద్ద చెప్పిన ట్రాన్సిస్టర్ వాట్లు 8 ఓమ్‌ల పెట్టె ఒక్కదానితో సగానికి కొంచెం పైగా మాత్రమే వస్తాయి. ఇప్పుడు 8 ఓమ్‌ల పెట్టెనొకటి కొని, అవసరమైనప్పుడు అలాంటిదే మరొకటి చేర్చే మార్గం ఇందువల్లనే వివేకవంతమైనది. రెండవ పెట్టె గాలిని కదిలించే వైశాల్యాన్నీ, యాంప్లిఫయర్ నుండి లభించే సామర్థ్యాన్నీ ఒకేసారి పెంచుతుంది.

9. ముగింపు

బేస్‌మన్ తెరిచిన పెట్టెతో మంద్రతను వదులుకొంది. పోర్టాఫ్లెక్స్ బిగ్గరతనాన్ని, ఎస్.వి.టి. సులభంగా మోసుకెళ్లే వీలును వదులుకొన్నాయి. నేటి తేలిక పరికరాలు దక్షతను వదులుకొని వాట్లతో ఆ లోటు తీరుస్తున్నాయి. వీటిలో ఏదీ తప్పు కాదు. ప్రతిదీ ఒక కాలపు అవసరానికి చెల్లించిన మూల్యం. పదార్థాలు మారాయి, వలయాలు మారాయి, 41 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం మారలేదు. ఎంత వాట్లు అనే ప్రశ్నకు ముందు, దేనిని వదులుకోగలను అనే ప్రశ్న వేసుకొన్న వాద్యకారుడే తన వాద్యంలోని మిగిలిన సగాన్ని సరిగా ఎంచుకోగలడు.