త్రసరేణువు నుంచి లేజర్ దాకా

చిన్నప్పుడు పెంకుటింట్లో, పెంకుల సందులోంచి పడే ఎండ పట్టీ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో గిరగిరా తిరిగే దుమ్మును పట్టుకోవాలని గుప్పిట మూసేవాళ్ళం. గుప్పిట తెరిస్తే ఏమీ ఉండేది కాదు! ఆ నలుసుకి మన పెద్దలు పెట్టిన పేరు త్రసరేణువు. కిటికీ జాలీలోంచి పడే ఎండలో కనిపించే ఆ నలుసే కొలతలన్నిటిలో మొదటిదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. వెండి, బంగారాల తూకం లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. అలా ధూళితో తూకాన్ని లెక్కకట్టిన మనిషికి ఆ ధూళినే కొలవడానికి చాలాకాలం పట్టింది.

1870లో జాన్ టిండాల్ లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ధూళి, రోగాల గురించి ఉపన్యసిస్తూ, శుభ్రంగా కనిపించే గాలి నిండా ధూళి ఉందని వెలుగు కిరణంతో చూపించాడు. 1880లలో స్కాట్లండ్‌కు చెందిన జాన్ ఐట్‌కెన్ ఆ కణాలను లెక్కపెట్టే యంత్రం చేశాడు. తేమగాలిని ఒక్కసారిగా వ్యాకోచింపజేస్తే ఒక్కో కణం చుట్టూ ఒక్కో నీటిబొట్టు ఏర్పడుతుంది. గీతలు గీసిన పలక మీద పడిన ఆ బొట్లను ఆయన భూతద్దంతో లెక్కించేవాడు.

1952 డిసెంబరులో లండన్‌ను అయిదు రోజులపాటు కమ్మేసిన పొగమంచు వేలమంది ప్రాణాలు తీసింది. 1956లో బ్రిటన్ స్వచ్ఛమైన గాలి కోసం చట్టం చేసింది. 1993లో హార్వర్డ్ పరిశోధకులు ఆరు అమెరికన్ నగరాల్లో, ఎనిమిది వేలమందికి పైగా పెద్దవాళ్ళపై చేసిన అధ్యయనం వెలువడింది. సన్నటి ధూళి ఎక్కువున్న ఊళ్ళలో మరణాలూ ఎక్కువేనని తేలింది. 1997లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలకు, అంటే పీఎం 2.5కు, మొదటిసారి పరిమితి విధించింది. వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు ఉండే ఈ కణాలు ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగిపోతాయి.

అయితే కొలిచే యంత్రాలు వేల డాలర్ల ఖరీదు. ఊరికి ఒకటో రెండో ఉండేవి. గాలి శుద్ధి యంత్రాల కోసం తయారైన చిన్న సెన్సర్లు ఆ పరిస్థితిని మార్చాయి. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో బోర్డుకు వాటిని తగిలించి ఔత్సాహికులు ఇంట్లోనే ధూళిని కొలవసాగారు. తర్వాత లేజర్ సెన్సర్లు వచ్చాయి. చిన్న ఫ్యాన్ గాలిని లాగుతుంది, కణం తగిలి చెదిరిన లేజర్ వెలుగును ఫోటోడయోడ్ పసిగడుతుంది. మన ఎండ పట్టీ సూత్రమే! 2015లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పౌరులు ఇలాంటి సెన్సర్లతో ఒక నెట్‌వర్క్ మొదలుపెట్టారు. అదే కాలంలో యూటాలో ఏడ్రియన్ డిబ్‌వాడ్, ఇంటి దగ్గరి కంకర గని దుమ్మును కొలవాలని ప్రారంభించిన పని పర్పుల్ ఎయిర్ అయింది.

నేనూ ఒకటి అమర్చుకున్నాను. వంటింట్లో పోపు వేయగానే అంకె ఎగిరి గంతేసేది. "పోపు మాడిందని చెప్పడానికి ఈ డబ్బా ఎందుకురా, నా ముక్కు లేదూ?" అంది అమ్మ.

2018 నవంబరులో ఆ డబ్బా విలువ తెలిసింది. ప్యారడైజ్ పట్టణాన్ని బూడిద చేసి 85 మందిని బలిగొన్న కార్చిచ్చు పొగ మా బే ఏరియాను కమ్మేసింది. పిల్లల్ని బయటికి పంపాలా వద్దా అన్నది రోజూ ప్రశ్నే. నా అంకెలు చూపించి మిత్రులందరినీ హడలగొట్టాను. తీరా చూస్తే, ప్రభుత్వ యంత్రం చూపే దానికి నావి దాదాపు రెట్టింపు! పొగ లేని రోజుల్లో కూడా, తెల్లవారుజామున మంచు బిందువులను అది ధూళిగానే లెక్కకట్టేది.

తప్పు సెన్సర్‌ది కాదు, సరిచూడకుండా నమ్మిన నాది. ఈపీఏ శాస్త్రవేత్తలు చేసిన పని అదే. చవక సెన్సర్లను ప్రామాణిక యంత్రాల పక్కన పెట్టి పోల్చారు. అంకెను దాదాపు సగానికి తగ్గించి, తేమను బట్టి మరికొంత సవరించే సూత్రం కట్టారు. 2020 వేసవిలో సామాన్యుల పెరటి సెన్సర్లు ప్రభుత్వ పొగ పటంలోకి ఎక్కాయి. అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న ఖరీదైన యంత్రాల మధ్య ఖాళీని అవి నింపాయి.

మీరూ ఒకటి పెట్టుకోండి. పిల్లల చేతే అమర్పించండి. కానీ ముందు ఊళ్ళోని ప్రామాణిక యంత్రంతో పోల్చి చూడండి. త్రాసును సరిచూశాకే తూకం నమ్మాలన్నది మనకు కొత్త పాఠం కాదు కదా!