సౌదీలో పాత స్పోర్ట్స్ కారు: నీడ, గ్యారేజీ నిజంగా అవసరమా?

"ఇక్కడ వానే పెద్దగా పడదు కదా, కారును లోపల దాచడం దేనికి?" సౌదీకి వచ్చి, ముచ్చటపడి ఒక పాత స్పోర్ట్స్ కారు కొనుక్కున్న మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. నేను జుబైల్‌లో తుప్పు తనిఖీ పనిలో ఉన్నాను. పైపులు, ట్యాంకులు ఎక్కడెక్కడ తుప్పు పడుతున్నాయో చూసి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. ఇంటి దగ్గర 1990ల నాటి నిస్సాన్ 300జెడ్‌ఎక్స్ ఒకటి ఉంది. ఉద్యోగం వల్ల, ఆ కారు వల్ల తెలిసిన సంగతులను ఒకచోట పెడుతున్నాను.

క్లుప్తంగా చెప్పాలంటే, దాచాలి. అయితే దేని నుంచి దాచాలన్నది మీరుండే ఊరిని బట్టి మారుతుంది. రియాద్‌లో ఎండ, దుమ్ము. దమ్మామ్, ఖోబర్, జుబైల్‌లో ఉప్పు కలిసిన తేమ. జెద్దాలో ఎండకూ, సముద్రపు గాలికీ తోడు ఎప్పుడో ఒకసారి వచ్చే కుండపోత వాన. తాయిఫ్, అభా వైపు కొండల్లో వడగళ్లు. ఒక ఊరికి సరిపోయిన ఏర్పాటు ఇంకో ఊళ్లో పనికిరాకపోవచ్చు.

మనకు ఇది ఎందుకు ముఖ్యం?

ఫైనల్ ఎగ్జిట్ తీసుకునే ముందు మన పేరు మీద ఉన్న వాహనాన్ని అమ్మో, వేరే వారి పేరుకు మార్చో తీరాలి. ఇండియాకు తీసుకెళ్దామంటే, మామూలుగా దిగుమతి చేసుకునే పాత కారు తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. సౌదీ కార్లకు స్టీరింగ్ ఎడమవైపు. అంటే మన ముచ్చటైన కారు ఏదో ఒకరోజు ఇక్కడే అమ్ముడుపోవాలి. ఆ రోజు దాని స్థితే దాని ధర.

నిస్సాన్ జెడ్, మస్టాంగ్, కార్వెట్, ఎంఎక్స్-5 లాంటి కార్లు కొనేవాళ్లు కిలోమీటర్ల కంటే ముందు ఒరిజినాలిటీ చూస్తారు. ఫ్యాక్టరీ పెయింట్ ఉందా, డ్యాష్‌బోర్డు పగిలిందా, కింద తుప్పు ఉందా? ఇంజిన్ రిపేరు చేయించుకోవచ్చు. ఫ్యాక్టరీ పెయింట్ మాత్రం ఒక్కసారి పోతే మళ్లీ రాదు. పాత మోడల్ డ్యాష్‌బోర్డు సనాయియాలో వారాల తరబడి వెతికినా దొరకదు.

ఎండ చేసే నష్టం

అమెరికాలోని అరిజోనా ఎడారి ప్రాంతంలో కార్ల మీద చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటసేపు ఎండలో నిలిపిన కార్ల డ్యాష్‌బోర్డులు సగటున 69 డిగ్రీలకు చేరాయి. నీడలో పెట్టిన కార్లలో అది 48 డిగ్రీలే. స్టీరింగ్ ఎండలో 53, నీడలో 42. గోడలు లేవు, ఏసీ లేదు, కేవలం నీడ ఉన్నందుకే డ్యాష్‌బోర్డు దగ్గర 20 డిగ్రీల తేడా. ఇక రియాద్ వేసవిలో 45 డిగ్రీలు మామూలే. జెద్దాలో 2010 జూన్ 22న 52 డిగ్రీలు నమోదైంది.

ఈ వేడికి డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే పదార్థాలు మెల్లగా ఆవిరైపోతాయి. ముందు అద్దానికి లోపలివైపు జిడ్డుపొర పట్టేది చాలావరకు దానివల్లే. ఆ తర్వాత ప్లాస్టిక్ కుంచించుకుపోయి పగులుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పెయింట్ పైనుండే క్లియర్‌కోట్‌ను దెబ్బతీస్తాయి. ముందుగా రూఫ్, బానెట్, డిక్కీ మీద మెరుపు తగ్గుతుంది, తర్వాత పొరలుగా లేస్తుంది. తలుపుల రబ్బర్లు గట్టిపడి బీటలు వారతాయి. నా 300జెడ్‌ఎక్స్ లాంటి విడదీసే రూఫ్ ఉన్న కార్లలో ఆ రబ్బరు పోయిందంటే, వచ్చే నాలుగు చినుకులూ సీటు మీదే పడతాయి.

అందుకే రియాద్‌లో ఉండేవాళ్లకు నా మొదటి సలహా మజల్లా, అంటే కారు పైన వేసే నీడ పందిరి. పూర్తి గ్యారేజీ లేకపోయినా ఎండ వల్ల కలిగే నష్టంలో పెద్ద భాగం దాంతోనే తప్పుతుంది.

ఉప్పు తేమ: తూర్పు తీరం కథ వేరు

2003 జులై 8న ధహ్రాన్‌లో డ్యూ పాయింట్ 35 డిగ్రీలు నమోదైంది. ప్రపంచంలోనే అత్యధికంగా చెప్పుకునే రీడింగుల్లో అదొకటి. దాని అర్థం, ఆ గాలిలో 35 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువుకైనా చెమట పడుతుంది. వేసవి ఉదయాన కళ్లద్దాలు పెట్టుకుని ఏసీ గదిలోంచి బయటికొచ్చిన ప్రతి ఖోబర్ వాసికీ ఈ సంగతి తెలుసు. ఇనుముకూ అదే జరుగుతుంది.

గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే రక్షణ పొర లేని ఉక్కుకు తుప్పు వేగం పెరుగుతుంది. ఉప్పు చేరితే ఈ లెక్క మారిపోతుంది. మామూలు ఉప్పు 75 శాతం దగ్గర గాలిలోని నీటిని పీల్చుకుని ద్రవంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం చాలు. సబ్ఖా నేలల మీదుగా వచ్చే దుమ్ములో ఈ లవణాలు ఉంటాయి. అందువల్ల మనకు పొడిగా అనిపించే రోజున కూడా కారు అడుగున దుమ్ము పట్టిన చోట తడి ఉండొచ్చు.

దమ్మామ్‌లో ఒక మిత్రుడి కార్వెట్ చూశాను. ఆ కార్ల బాడీ ఫైబర్‌గ్లాస్ కాబట్టి పైన ఎక్కడా తుప్పు మచ్చ లేదు, అద్దంలా మెరుస్తోంది. లిఫ్ట్ ఎక్కించి చూస్తే కింద ఉక్కు ఫ్రేమ్, బ్రేక్ పైపుల బిగింపులు ఎర్రగా ఉన్నాయి. తీర ప్రాంతంలో కారు కొనేటప్పుడైనా, దాచేటప్పుడైనా అడుగుభాగమే అసలు కథ చెబుతుంది.

తూర్పు తీరంలో మూసిన గ్యారేజీకి ఏసీ కంటే డీహ్యూమిడిఫయర్ ఎక్కువ మేలు చేస్తుంది. గ్యారేజీని బాగా చల్లబరిచి, రాత్రి తలుపు తీస్తే బయటి తడిగాలి చల్లని లోహం మీద నీరై చేరుతుంది. తేమ 50 శాతం ప్రాంతంలో ఉంటే ఉక్కుకూ మంచిదే, తోలు సీట్లకూ మంచిదే. ఎంత ఉందో చూపే చిన్న మీటరు ఒకటి గోడకు తగిలించండి.

కవర్ కప్పితే చాలదా?

ఆరుబయట కవర్ కప్పడం చాలాసార్లు మేలు కంటే కీడే చేస్తుంది. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలతలో 7. కారు పెయింట్ దాని ముందు చాలా మెత్తన. కవర్ కింద దుమ్ము చేరి, పైన షమాల్ గాలి దాన్ని గంటల తరబడి కదుపుతుంటే, కారును ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ప్లాస్టిక్ టార్పాలిన్ అయితే తేమ బయటికి పోనివ్వదు.

గాలి ఆడే మెత్తని గుడ్డ కవర్‌ను గ్యారేజీ లోపల, కడిగి పూర్తిగా ఆరిన కారు మీద మాత్రమే వాడండి. బయట తప్పనిసరైతే కారు కొలతకు సరిగ్గా బిగిసే కవర్ తీసుకోండి. మురికి కారు మీద మాత్రం ఎప్పుడూ కప్పొద్దు.

బేస్‌మెంట్ అంత భద్రమా?

జెద్దాలో 2009 నవంబర్ 25న వచ్చిన వరదలో 100 మందికి పైగా చనిపోయారు. వేల కార్లు కొట్టుకుపోయాయి. 2022 నవంబర్ 24న దక్షిణ జెద్దాలో ఆరు గంటల్లో 179 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఇలాంటి రోజున అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ఒక తొట్టి. వేసవంతా కారును కాపాడిన చోటే ఒక్క పూటలో ముంచేస్తుంది. నవంబర్ నుంచి జనవరి దాకా జెద్దావాళ్లు వాతావరణ హెచ్చరికలు చూసుకుంటూ ఉండాలి. హెచ్చరిక రాగానే, వాన మొదలవకముందే కారును ఎత్తైన చోటికి మార్చాలి. నీళ్లు చేరడం మొదలయ్యాక మాత్రం కారు కోసం బేస్‌మెంట్‌లోకి దిగొద్దు. ఇన్సూరెన్స్ కాగితంలో ప్రకృతి వైపరీత్యాల క్లాజు ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. థర్డ్ పార్టీ పాలసీ మన కారు నష్టాన్ని భరించదు.

లోపల పెట్టి మరచిపోతే?

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని ఆర్డర్ చేశారు. ఆయన 1911లో కన్నుమూశాక అది హైదరాబాద్ చేరింది. వేడుకలకు తప్ప బయటికి తీయని కారు అది. అంత తక్కువ తిరిగినా చాలా ఏళ్లు మూలన ఉండిపోవడంతో, చివరికి దాన్ని పునరుద్ధరించాల్సి వచ్చింది.

కదలని కారులో సీళ్లు ఎండుతాయి, టైర్లు ఒకేచోట నొక్కుకుపోతాయి, బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండు వారాలకొకసారి ఇంజిన్ బాగా వేడెక్కేలా 20, 30 నిమిషాలు నడపండి. నిలబెట్టి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే సైలెన్సర్‌లో నీరు మిగిలి అదే తుప్పు తెస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్‌ను రెండేళ్లకోసారి మార్చించండి.

రెండు నెలలు ఊరికి వెళ్తున్నారా?

పిల్లల సెలవులకు జూన్‌లో ఇండియాకు బయల్దేరేముందు చేయాల్సినవి ఇవి:

- కారును పైనా, కిందా మంచినీటితో కడిగించండి. ఉప్పదనం ఉన్న బోరు నీరు వద్దు. పూర్తిగా ఆరేందుకు కాస్త నడిపి తీసుకురండి.
- పెట్రోల్ ట్యాంకు నింపి, ఫ్యూయల్ స్టెబిలైజర్ కలపండి. టైర్లలో గాలి కొంచెం ఎక్కువ పట్టించండి.
- బ్యాటరీ మెయింటెయినర్ తగిలించండి. పాత విల్లాల్లో 127 వోల్టుల సాకెట్లు ఇంకా ఉంటాయి, ముందు వోల్టేజీ చూసుకోండి.
- సమతల నేల మీద గేరులో ఉంచి, చక్రాలకు అడ్డుపెట్టి హ్యాండ్‌బ్రేక్ వదిలేయండి. లేకపోతే ప్యాడ్లు అతుక్కుపోవచ్చు.
- అద్దానికి సన్‌షేడ్ పెట్టండి.
- మిత్రుడికి తాళం ఇస్తే, అతను నడిపేందుకు అబ్షర్‌లో తఫ్వీద్ కూడా ఇవ్వండి. ఇస్తిమారా, ఫహస్, ఇన్సూరెన్స్ గడువులు మీరు వచ్చేదాకా ఉన్నాయో లేదో చూసుకోండి.

హౌస్ డ్రైవర్ సోదరులకు ఒక మాట

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి వచ్చి కఫీల్ ఇంట్లో ఖరీదైన కార్లు చూసుకుంటున్న మనవాళ్లు చాలామంది. దుమ్ము తుఫాను వెలిసిన వెంటనే పొడిగుడ్డతో తుడవమంటే, ముందు నీళ్లు కొట్టాలని మర్యాదగా చెప్పండి. పొడి ఇసుకను రుద్దితే పడే గీతలు ఎండలో స్పష్టంగా కనిపిస్తాయి, మాట మీ మీదికి వస్తుంది. పనిలో చేరిన రోజూ, సెలవుకు వెళ్లే రోజూ కారు నాలుగువైపులా ఫోన్‌తో ఫొటోలు తీసి, కఫీల్‌కు వాట్సాప్‌లో పంపండి. పాత గీతకు మీ జీతంలో కోత పడకుండా అవే ఆధారం.

డబ్బు ముందు దేనిమీద పెట్టాలి?

రోజూ ఆఫీసుకు నడిపే క్యామ్రీకి ఇంత హంగామా అక్కర్లేదు. దాచుకోదగ్గ కారు అయితే నా వరుస ఇది: మొదట నీడ, తర్వాత సన్‌షేడ్, బ్యాటరీ మెయింటెయినర్. తీర ప్రాంతమైతే క్రమం తప్పకుండా అడుగుభాగం కడిగించడం, మూసిన గ్యారేజీ ఉంటే డీహ్యూమిడిఫయర్. ఏసీ గ్యారేజీ అద్దె చివరిమాట. ఏడాది అద్దెను కారు ధరతో పోల్చి చూసుకున్నాకే దాని జోలికి వెళ్లండి.

వచ్చే శుక్రవారం ఉదయం ఒక టార్చి పట్టుకుని మీ కారు కిందకు వంగి చూడండి. చక్రాల లోపలి అంచులు, బ్రేక్ పైపుల బిగింపులు, సైలెన్సర్ అతుకులు. అక్కడ ఎరుపు కనిపిస్తే, కవర్ కొనేముందు సనాయియాలో లిఫ్ట్ ఎక్కించండి.