ఆట ఎవరిది, ఖర్చు ఎవరిది?

(రేడియో ప్రసంగ పాఠం)



ఈ మధ్య మా పెదనాన్నగారి అబ్బాయి ఫోను చేశాడు. వాళ్ళ అమ్మాయికి ఒక స్టేట్ యూనివర్సిటీలో సీటొచ్చింది. మొదటి సెమిస్టరు బిల్లు ముందు పెట్టుకుని, "ఒరేయ్, ట్యూషన్ సరే, డార్మ్ సరే, ఈ అథ్లెటిక్స్ ఫీజేంట్రా? మా పిల్ల ఎప్పుడూ బంతి ముట్టుకున్న పాపాన పోలేదు కదా!" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. 2013లో నేను ఎం.ఎస్. చెయ్యడానికి ఈ దేశం వచ్చినప్పుడు ఇదే ప్రశ్న మా రూములో ఉండే సీనియర్ని అడిగాను. "అన్నా, ఇదేంటి?" అంటే, "కట్టెయ్ తమ్ముడూ, ఇక్కడంతే" అన్నాడు. కట్టేశాను. రెండు వందల డాలర్ల పైచిలుకు. అప్పట్లో లైబ్రరీలో గంటకి ఏడుంబావు డాలర్లకి, వారానికి ఇరవై గంటలు పని చేసేవాణ్ణి. అంటే ఒకటిన్నర వారం పుస్తకాలు సర్దిన డబ్బు నేను ఆడని ఆటకి వెళ్ళిపోయిందన్నమాట. మా ఊరి కాలేజీలోనూ స్పోర్ట్స్ ఫీజు కట్టాను, కాదనను. కానీ అక్కడ ఆ డబ్బుకి రెండు క్రికెట్ బ్యాట్లూ, ఒక వాలీబాల్ నెట్టూ కనిపించేవి. ఇక్కడ కనిపించింది యాభై వేలమంది పట్టే స్టేడియం.

మా అన్నయ్యకి మాత్రం "కట్టెయ్" అని ఊరుకోబుద్ధి కాలేదు. వృత్తిరీత్యా కంపెనీల పద్దుల సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టేవాణ్ణి కనుక, డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి పోతోందో చూడడం అలవాటైపోయింది. అలా తవ్వుకుంటూ పోతే 1852 దాకా వెళ్ళాను. ఆ కథే ఈ రోజు మీకు చెబుతాను.

ఈ దేశంలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొదటి పోటీ ఫుట్‌బాల్ కాదు, పడవ పందెం. 1852 ఆగస్టులో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని విన్నిపెసాకీ సరస్సు మీద హార్వర్డ్, యేల్ కుర్రాళ్ళు పోటీపడ్డారు. హార్వర్డ్ గెలిచింది. ఖర్చు భరించింది ఆ రెండు కాలేజీలూ కాదు, ఒక రైల్వే కంపెనీ. ఆ సరస్సు దాకా వెళ్ళే రైలుకి ప్రయాణికులు కావాలి. పందెం పెడితే జనం వస్తారు, టిక్కెట్లు కొంటారు. కాలేజీ ఆటలు పుట్టినరోజునే వాటికి స్పాన్సరు ఉన్నాడు. "పూర్వం ఆట పవిత్రంగా ఉండేది, టీవీ వచ్చి పాడుచేసింది" అని ఎవరైనా అంటే నాకు ఆ రైలు గుర్తొస్తుంది.

1869 నవంబరు 6న, మన తెలుగువాళ్ళకి బాగా తెలిసిన న్యూజెర్సీలోనే, రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్లు మొదటి కాలేజీ ఫుట్‌బాల్ ఆట ఆడాయి. రట్గర్స్ 6-4 తేడాతో గెలిచింది. ఆ రోజుల్లో జట్లని నడిపింది విద్యార్థులే. చందాలు వేసుకునేవాళ్ళు, బట్టలు కొనుక్కునేవాళ్ళు. గేటు దగ్గర డబ్బు పెరిగేకొద్దీ పెత్తనం పూర్వవిద్యార్థుల చేతికి, తర్వాత జీతం తీసుకునే కోచ్‌ల చేతికి వెళ్ళిపోయింది. 1903లో హార్వర్డ్ కాంక్రీటు స్టేడియం కట్టింది. 1879లో పట్టా పుచ్చుకున్న బ్యాచ్ ఇచ్చిన విరాళంతో ఆ పని మొదలైంది. 1914లో యేల్ డెబ్భై వేలమంది పట్టే గిన్నెలాంటి స్టేడియం కట్టింది. స్టేడియం కట్టాక దాన్ని నింపాలి. నింపాలంటే గెలవాలి. గెలవాలంటే మంచి ఆటగాళ్ళు రావాలి. అసలు చిక్కంతా ఈ గొలుసులోనే ఉంది.

ఈలోగా ఆటలో ప్రాణాలు పోతున్నాయి. 1905లో స్కూళ్ళూ కాలేజీలూ కలిపి దాదాపు 18 మంది కుర్రాళ్ళు చనిపోయారని పత్రికలు లెక్క వేశాయి. ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళని వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడాడు. ఆ గొడవలోంచి పుట్టిన సంఘమే 1910 నుంచి ఎన్.సి.ఎ.ఎ. అనే పేరుతో నడుస్తోంది. 1929లో కార్నెగీ ఫౌండేషన్ ఒక పెద్ద నివేదిక వెలువరించింది. ఆటగాళ్ళకి చాటుమాటుగా డబ్బులిస్తున్నారనీ, పనిలేని ఉద్యోగాలు చూపిస్తున్నారనీ అందులో వివరంగా రాశారు. అందరూ చదివారు, ఆశ్చర్యపోయారు, మళ్ళీ ఆటకి వెళ్ళారు.

ఒక్క పెద్ద యూనివర్సిటీ మాత్రం ఆ గొలుసు తెంచుకుంది. షికాగో యూనివర్సిటీ. బిగ్ టెన్ కూటమి స్థాపకుల్లో ఒకటి. మొట్టమొదటి హైస్‌మన్ ట్రోఫీ, 1935లో, అక్కడి ఆటగాడికే వచ్చింది. అలాంటిచోట 1939 డిసెంబరులో ప్రెసిడెంట్ రాబర్ట్ హచిన్స్ ఫుట్‌బాల్ ఎత్తేశాడు. మూడేళ్ళ తర్వాత, 1942 డిసెంబరు 2న, ఖాళీ పడిన ఆ స్టేడియం మెట్ల కిందే ఎన్‌రికో ఫెర్మీ బృందం మొదటి అణు చైన్ రియాక్షన్ నడిపింది. ఫుట్‌బాల్ లేకపోతే యూనివర్సిటీకి పేరుండదని భయపడేవాళ్ళకి ఇంతకంటే జవాబు ఏం కావాలి? అక్కడ 1969లో ఫుట్‌బాల్ మళ్ళీ వచ్చింది కానీ, చిన్న స్థాయిలో, ఆటగాఅన్నంత వరకే.

ఇప్పుడు ఈ కథలో నన్ను అన్నిటికంటే బాధపెట్టిన ఘట్టం. 1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ ఎ అండ్ ఎం అనే చిన్న కాలేజీ జట్టులో ఒక ఆటగాడు తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడికి ఇచ్చినట్టే పరిహారం ఇప్పించమని అతని భార్య అడిగింది. 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కాదంది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చెయ్యడం లేదు కనుక అతను ఉద్యోగి కాడని తీర్పు. "స్టూడెంట్-అథ్లెట్" అనే మాట ఆ రోజుల్లోనే పుట్టింది. ఎన్.సి.ఎ.ఎ.ని 1951 నుంచి 1987 దాకా నడిపిన వాల్టర్ బయర్స్, ఆటగాళ్ళని ఉద్యోగులుగా గుర్తిస్తారేమోనన్న భయంతోనే ఆ మాట తయారుచేశామని 1995లో తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. 1956 నుంచి ఆటని చూసి స్కాలర్‌షిప్ ఇవ్వడాన్ని అధికారికంగా అనుమతించారు. ట్యూషన్, గది, భోజనం, పుస్తకాలు. జీతం మాత్రం మాట్లాడకూడదు.

తర్వాత టీవీ. 1951 నుంచి ఏ ఆట చూపించాలో, ఏ జట్టు ఎన్నిసార్లు కనబడాలో ఎన్.సి.ఎ.ఎ.యే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. 1984లో సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో ఆ గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. విభేదించిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్, తను కూడా ఒకప్పుడు కాలేజీ ఫుట్‌బాల్ తారే. ఆ తీర్పుతో ఆనకట్ట గేట్లు ఎత్తినట్టయింది. కూటములు ఎవరికి వారు టీవీలతో బేరాలాడుకున్నారు. 2022లో బిగ్ టెన్ కుదుర్చుకున్న ఒప్పందం ఏడేళ్ళకి ఏడు బిలియన్ల పైన, అంటే 700 కోట్ల డాలర్లకి పైమాటే. ఆ డబ్బు కోసమే 2024లో లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఎ. వెళ్ళి న్యూజెర్సీలోని రట్గర్స్ ఉన్న కూటమిలో చేరింది. వాలీబాల్ ఆడే పిల్లలు కూడా దేశం ఈ కొస నుంచి ఆ కొసకి ఎగరాల్సిందే.

మరి ఇంత డబ్బొస్తే ఫీజెందుకు అని మా అన్నయ్య అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

ముందు రాబడి చూద్దాం. పెద్ద కూటముల్లో ఉన్నవాళ్ళకి టీవీ వాటా, టిక్కెట్లు, విరాళాలు ప్రధానం. విరాళమంటే ఉత్త దానం కాదండీ. మంచి సీటుకి సీజన్ టిక్కెట్టు కొనాలంటే చాలాచోట్ల ముందు "విరాళం" ఇవ్వాలి. మనకి డొనేషన్ సీటంటే ఇంజనీరింగ్ కాలేజీలో, వీళ్ళకి స్టేడియంలో! పైగా 1988 చట్టం ప్రకారం ఆ విరాళంలో 80 శాతం పన్ను లెక్కలోంచి తగ్గించుకోవచ్చు. 2018 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. ముప్ఫై ఏళ్ళపాటు ఆ కుర్చీల ఖర్చులో కొంత, ఆట చూడనివాళ్ళతో సహా, పన్ను కట్టేవాళ్ళందరూ మోశారన్నమాట.

ఇక ఖర్చు. ఈ శాఖలకి వాటాదార్లు లేరు, లాభం పంచాల్సిన పని లేదు. కాబట్టి ఎంతొస్తే అంత ఖర్చయిపోతుంది. ఆటగాళ్ళకి జీతమివ్వకూడదు కనుక ఆ డబ్బు కోచ్‌లకీ, కట్టడాలకీ పోయింది. పక్క కాలేజీ కొత్త జిమ్ కడితే మనమూ కట్టాలి, మన ఊళ్ళో పక్కింటివాడు మేడ లేపితే మనమూ లేపినట్టు. 2023 నవంబరులో టెక్సస్ ఎ అండ్ ఎం తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసింది. ఒప్పందం ప్రకారం ఆయనకి ఇవ్వాల్సింది దాదాపు 7 కోట్ల 60 లక్షల డాలర్లు. పని చేసినందుకు కాదు, మానెయ్యమన్నందుకు. అంత డబ్బున్న చోటే మరోపక్క ఈతకీ, టెన్నిస్‌కీ డబ్బు లేదంటారు. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ఆడపిల్లలకి సమాన అవకాశాలివ్వమంది. దానివల్లే మగపిల్లల చిన్న ఆటలు పోయాయని చాలామంది అంటారు కానీ, ఆ లెక్కలో ఫుట్‌బాల్ ఎంత మింగుతోందో చెప్పరు.

రట్గర్స్‌నే చూడండి. 2006లో ఫుట్‌బాల్ జట్టు అద్భుతంగా ఆడింది, పదకొండు ఆటలు గెలిచింది. అదే ఏడు యూనివర్సిటీ ఆరు చిన్న జట్లని, ఈత, టెన్నిస్, కత్తియుద్ధం వగైరా, రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. 2008లో స్టేడియం విస్తరణకి 10 కోట్ల 20 లక్షల డాలర్లు మంజూరు చేసింది. 2014లో బిగ్ టెన్‌లో చేరింది, ఇక కష్టాలు తీరతాయన్నారు. ఆ తర్వాత కూడా ఏటా కోట్ల డాలర్ల లోటు. విద్యార్థుల ఫీజులూ, యూనివర్సిటీ నిధులూ దాంట్లో పోస్తూనే వచ్చారు.

ఇదేదో ఒక్కచోటి కథ అనుకోకండి. డివిజన్ వన్‌లో 350కి పైగా కాలేజీలున్నాయి. ఎన్.సి.ఎ.ఎ. లెక్కల ప్రకారం 2019లో తన సంపాదనతోనే తన ఖర్చులు వెళ్ళదీసుకున్న శాఖలు ఇరవై ఐదే. మిగతాచోట్ల లోటు ఎవరో ఒకరు పూడ్చాలి. టీవీ తారలు కాని మధ్యరకం కాలేజీల్లో ఆ ఎవరో ఒకరు, చాలావరకు, విద్యార్థి. అప్పు చేసి చదువుకునే పిల్లవాడు, లైబ్రరీలో పుస్తకాలు సర్దుకునే ఎఫ్-1 కుర్రాడు, మా అన్నయ్య కూతురు. స్టేడియం ఎంత చిన్నదైతే ఫీజు అంత పెద్దదయ్యే ప్రమాదముంది. నాకు అసలు ఆశ్చర్యం కలిగించింది అదే.

ఆటగాళ్ళ సంగతికి వస్తే, గాలి మారింది. 2021లో సుప్రీంకోర్టు ఆల్‌స్టన్ కేసులో 9-0తో వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. ఆ జులై నుంచే తమ పేరుతో, ఫోటోతో ప్రకటనల డబ్బు సంపాదించుకోనిచ్చారు. 2025 జూన్ 6న హౌస్ కేసు రాజీకి న్యాయమూర్తి ఆమోదం దొరికింది. పాత ఆటగాళ్ళకి పదేళ్ళలో దాదాపు 2.8 బిలియన్లు, అంటే 280 కోట్ల డాలర్లు. ఇష్టపడ్డ కాలేజీలు 2025-26లో 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్ళకి నేరుగా ఇవ్వొచ్చు. కొలరాడోలో ఆ భార్య కోర్టు గుమ్మమెక్కిన డెబ్భై ఏళ్ళకి ఈ మాత్రం ఒప్పుకున్నారు. నేను సంతోషించాను.

కానీ లెక్కలు చూసేవాణ్ణి కదా, వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. ఈ కొత్త ఖర్చు ఏ పద్దులోంచి? టెనెసీ యూనివర్సిటీ 2025 సీజన్ టిక్కెట్ల మీద పది శాతం "టాలెంట్ ఫీ" వేసింది. అది నయం, ఆట చూసేవాడే కడతాడు. పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ అనే చిన్న యూనివర్సిటీ 2025 మార్చిలో, తన బాస్కెట్‌బాల్ జట్టు జాతీయ టోర్నమెంటులో ఆడిన కొద్ది రోజులకే, డివిజన్ వన్ వదిలి డివిజన్ త్రీకి వెళ్తామని ప్రకటించింది. షికాగో దారి అన్నమాట. వదల్లేనివాళ్ళు, టిక్కెట్లు అమ్ముకోలేనివాళ్ళు ఎవరి జేబు తడుముతారో మీరే ఆలోచించండి.

నేను ఆటలకి వ్యతిరేకిని కాను. ఆ రెండు వందల డాలర్లు కట్టిన సెమిస్టర్లో, స్టూడెంట్లకి టిక్కెట్టు ఉచితమని ఒకసారి స్టేడియానికి వెళ్ళాను. రూల్సు ఒక్కటీ అర్థం కాలేదు. అయినా చుట్టూ వేలమంది ఒక్కసారిగా లేచి అరుస్తుంటే నేనూ గొంతు పోయేలా అరిచాను. కొత్త దేశంలో మొదటిసారి "మనం" అనిపించింది ఆ సాయంత్రమే. ఆ అనుభవానికి వెల కట్టలేను. కానీ వేరేవాళ్ళు కట్టారు, నన్ను అడక్కుండా నాతోనే కట్టించారు.

అందుకే మా అన్నయ్యకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. పిల్లలకి కాలేజీ వెతికేటప్పుడు ర్యాంకులతోపాటు ఫీజుల పట్టికలో ఈ ఒక్క వరుస కూడా చూడండి. 1994 నాటి చట్టం ప్రకారం ఫెడరల్ సాయం పొందే ప్రతి కాలేజీ తన ఆటల రాబడీ ఖర్చులూ ఏటా బయటపెట్టాలి. విద్యాశాఖ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. పిల్లలతో కూర్చుని చూడండి. నచ్చితే కట్టండి, లేకపోతే ఆ కాలేజీ వాళ్ళకి ఒక ఉత్తరం రాయండి. "ఇక్కడంతే" అని మాత్రం అనకండి. 1852 నుంచి అందరూ ఆ మాటే అనుకుంటూ వచ్చారు.