సూదిమందుతో సౌందర్యము

ముఖమునకు పసుపు పూసికొనుట, కన్నులకు కాటుక తీర్చుకొనుట మన ఇండ్లలో తరతరములుగా ఉన్న అలవాట్లు. అవి పైపై అలంకారములు, నచ్చకున్న కడిగివేసికొనవచ్చును. చర్మము లోపలికి మందు ఎక్కించి రూపమును దిద్దుట వేరు సంగతి. నేడు హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలో ఈ చికిత్స చేయు స్థలములు అనేకము వెలసినవి. కనుక దీని పూర్వచరిత్రను శ్రోతలకు మనవి చేయుట ఉచితమని తలచుచున్నాము.

1899లో వియన్నా నగర శస్త్రవైద్యుడు రాబర్ట్ గెర్సునీ, క్షయవ్యాధి వలన అంగలోపము కలిగిన ఒక యువకునికి, ఆ లోపము తెలియకుండుటకై వాసెలీనును సూదితో ఎక్కించినాడు. ఫలితము చక్కగా కనిపించినది. వెంటనే ఐరోపా, అమెరికాలలో పారఫిన్ మైనమును కరగించి ఎక్కించి, అణగిన ముక్కులను ఎత్తుటయు, ముడుతలను పూడ్చుటయు ఆరంభమైనవి. కొలది ఏండ్లకే అసలు సంగతి బయటపడినది. మైనము ఉన్నచోట ఉండక జారినది. చుట్టును గట్టి కంతులు పెరిగినవి. రక్తనాళములలో చొరబడి కొందరి చూపును హరించినది. 1921లో మార్ల్‌బరో ప్రభుపత్ని అయిన గ్లాడిస్ డీకన్ జగమెరిగిన అందగత్తె. యౌవనములో ముక్కుదూలము తీరుగా ఉండవలెనని మైనము ఎక్కించుకొన్నది. అది జారి, ఉన్న అందమును గూడ చెరచినది.

ఇంత జరిగినను లోకము నేర్చినది స్వల్పమే. రెండవ ప్రపంచయుద్ధము తరువాత జపానులోను, 1960వ దశకములో అమెరికాలోని లాస్ వేగాస్‌లోను ద్రవరూప సిలికోనును వక్షోజములలోనికి ఎక్కించినారు. ఏండ్లు గడచిన పిమ్మట గడ్డలు, పుండ్లు ఏర్పడినవి. 1970వ దశకములో నెవాడా రాష్ట్రము దానిని నేరముగా శాసించినది. రెండు సందర్భములందును మోసము ఒక్కటే: మెరుపు మొదటి నెలలోనే కనిపించినది, హాని మెల్లగా వచ్చినది.

బొటులినమ్ విషము కథ దీనికి భిన్నము. చెడిన మాంసాహారము వలన కలుగు ఈ విషలక్షణములను 1820వ దశకములో జర్మన్ వైద్యుడు యూస్టినుస్ కెర్నర్ వర్ణించినాడు. 1895లో బెల్జియములో వాన్ ఎర్మెంగెమ్ దాని సూక్ష్మజీవిని కనిపెట్టినాడు. అమెరికా నేత్రవైద్యుడు అలన్ స్కాట్ దానిని మెల్లకంటి చికిత్సకు మలచినాడు. 1989లో ఆ దేశ ప్రభుత్వము అనుమతించినది. కనుబొమల నడుమ ముడుతలకు అనుమతి 2002లో గాని రాలేదు. నరము కండరమునకు పంపు ఆజ్ఞను ఈ మందు అడ్డగించును. సాధారణముగా మూడు నాలుగు నెలలకు దాని ప్రభావము తగ్గిపోవును. విషము ఔషధమగుటకు ఇంచుమించు 180 ఏండ్ల పరిశీలన పట్టినదన్నమాట.

అయినను 2004లో ఫ్లోరిడాలో నలుగురు పక్షవాతమునకు గురియై ఆసుపత్రి పాలైనారు. వారికి ఎక్కించినది మనుష్యులకు అనుమతి లేని, ప్రయోగశాలకు ఉద్దేశించిన ముడి విషము. ఎక్కించిన వైద్యుని అనుమతిపత్రము అప్పటికే నిలిపివేయబడి యుండెను.

నేడు ముఖమును నింపుటకు హయలురోనిక్ ఆమ్లమును విరివిగా వాడుచున్నారు. వికటించినచో హయలురోనిడేజ్ అను మందుతో దానిని కరగింపవచ్చును. కాని ముక్కు, కనుబొమల ప్రాంతమున అది పొరపాటున రక్తనాళములోనికి పోయినచో, నిమిషములలో చూపు పోవచ్చును. పోయిన చూపు తిరిగి వచ్చుట అరుదు. నాళములు ఎక్కడెక్కడ ఉన్నవో ఎరిగి, ఆపద వచ్చిన క్షణమున గుర్తించి, విరుగుడును దగ్గర ఉంచుకొన్న వైద్యుడే ఇందుకు అర్హుడు.

కావున సూదికి ముఖమును ఒప్పగించుటకు ముందు మనము కొన్ని ప్రశ్నలు అడుగవలెను. చికిత్స చేయువారు చర్మవైద్యములో ఎం.డి. గాని, ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గాని పొందినవారా? రాష్ట్ర వైద్యమండలి పట్టికలో వారి పేరు కలదా? సీసాపై మందు పేరు, తయారీదారు, గడువు తేదీ ఉన్నవా? దానిని మన యెదుటనే తెరతురా? వికటించినచో ఏమి చేయుదురు? ఈ ప్రశ్నలకు విసుగుకొను చోటునుండి లేచి వచ్చుటయే మేలు. అందుకు సిగ్గుపడ నక్కరలేదు. మైనము పోయించుకొన్న నాటివారికి ఈ ప్రశ్నలు తెలియవు, మనకు తెలిసినవి.